అరకిలో మాట

తూకం రోజున పిల్లలంతా కూడబలుక్కుని ఏడుస్తారు. ఒకణ్ణి కాటా మీద కూర్చోబెడితే చాలు, గుమ్మం దగ్గర వరసలో ఉన్న పదిమందీ రాగం అందుకుంటారు. అంగన్‌వాడీ ఆయా సవరమ్మ చంకలో ఒకణ్ణి వేసుకుని, కొంగు పట్టుకున్న ఇంకొకణ్ణి లాక్కుంటూ, మధ్యలో పొయ్యి దగ్గరికి ఉరికి పప్పు కలియబెట్టి, మళ్లీ వచ్చి ముక్కులు తుడుస్తోంది.

"ఊకోండ్రి బిడ్డా! మిమ్ముల కోసుక తింటరా ఏంది?"

సవరమ్మది కాస్త పెద్ద నోరే. ఆ నోటికి జడిసే పిల్లలు ముద్ద మింగుతారని, తల్లులు టీకాలకు వస్తారని ఆమె నమ్మకం. ఇరవై రెండేళ్లుగా ఈ సెంటర్లో వండుతోంది, కడుగుతోంది, ఎత్తుతోంది. ఆ నోరు లేకపోతే సగం పని జరిగేది కాదని ఎవరినడిగినా చెబుతారు.

టీచర్ నవత వచ్చి ఏడాది కాలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కాటాలో అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టి, నిలబడగానే ఫోన్లో కొడుతోంది. కొట్టగానే ఫోను ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ అయితే పిల్ల బాగున్నట్టు. పసుపైతే కనిపెట్టి ఉండాలి. ఎరుపైతే భద్రాచలం దవాఖానకు పంపాలి, అక్కడ పద్నాలుగు రోజులు ఉంచుకుని పాలూ మందులూ పోసి నిలబెడతారు. ఈ సెంటర్లో ఎనిమిది నెలలుగా ఎరుపు లేదు. కిందటి మీటింగులో సూపర్‌వైజర్ మేడమ్ నవతను లేపి నిలబెట్టి అందరిచేత చప్పట్లు కొట్టించింది కూడా. వచ్చే సోమవారం పైనుంచి ఆఫీసర్లు చూడటానికి వస్తున్నారు.

"భాను!" అని పిలిచింది నవత.

ఇరవై నెలల భానును నాయనమ్మ ద్వాలి ఎత్తుకొచ్చింది. మామూలు రోజుల్లో ఆ పిల్లను తండా నుంచి తెచ్చేది సవరమ్మే. తల్లి పుష్ప తెల్లారకముందే మిరప కోతకు ఆటో ఎక్కి పోతుంది. అంత చిన్న పిల్లల్ని సెంటర్లో కూర్చోబెట్టుకోవాలన్న రూలేమీ లేదు, అయినా సవరమ్మ తెచ్చుకుంటుంది. తూకం రోజున మాత్రం ద్వాలి ఎవరి చేతికీ ఇవ్వదు. తనే తెస్తుంది, తనే కాటా మీద కూర్చోబెడుతుంది, దించగానే తనే ఎత్తుకుని ఇంటిదారి పడుతుంది.

నవత పిల్లకు స్వెటర్ విప్పించింది. గౌను కూడా తీయబోతే ద్వాలి చెయ్యి అడ్డం పెట్టింది.

"మొల్తాడు ఉన్నది టీచరమ్మా. సీత్ల పండుగనాడు మొక్కి కట్టిన. పరాయి చెయ్యి తగలొద్దు."

నవత చెయ్యి వెనక్కి తీసుకుంది. తండాలో ఉద్యోగం చేసేవాళ్లు తండా మొక్కుల జోలికి పోకూడదని ఆమెకు తెలుసు. గౌను మీదనే తూచింది.

"ఏడు కిలోల ఏడొందలు," అని చదివి ఫోన్లో కొట్టింది. తెర మీద పసుపు వచ్చింది. "హమ్మయ్య, పసుపే."

సవరమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"టీచరమ్మా, ఇంకొక్కపారి చూడు. ఆ పిల్ల గంత లేదు."

"కాటా అబద్ధం చెప్తదా ఆయమ్మా?" అంది నవత తల ఎత్తకుండానే. "నెక్స్ట్ ఎవరు?"

అప్పటికే ద్వాలి స్వెటర్ ఒక చేతికి తొడిగీ తొడగకుండానే వాకిలి దాటిపోయింది.

సవరమ్మకు కాటాతో పేచీ లేదు. కానీ ఆమె నడుముకు వేరే లెక్క ఉంది. తండాకూ సెంటరుకూ మధ్య చిన్న వాగు. ఏడున్నర కిలోలు దాటిన పిల్ల అయితే వాగు మధ్యకు వచ్చేసరికి ఆమె కుడి చంక నుంచి ఎడమ చంకకు మార్చుకోవాలి. ఇన్నేళ్లలో ఎందరు పిల్లలు ఆ నడుం మీద పెరిగి బడికి పోలేదు! శనివారంనాడు భానును తెస్తూ వాగు దాటి, గట్టెక్కి, సెంటర్ మెట్ల దాకా వచ్చినా చంక మార్చుకోలేదు. ఆ సంగతి ఆరోజు ఆమె గమనించుకోలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున సవరమ్మ తండాకు పోయి భానును ఎత్తుకుంది. ద్వాలి మామూలుగానే అందించింది. ఈసారి సవరమ్మ వాగు దాటుతూ పని గట్టుకుని నడుం మీదే ధ్యాస పెట్టింది. నీళ్లు దాటింది, గట్టెక్కింది, మెట్లెక్కింది. చంక మార్చుకోవాలనిపించనే లేదు.

సెంటర్లో దించితే దించినచోటే కూర్చుంది భాను. మిగతా పిల్లలు వాకిట్లోకి వచ్చిన కోడిపుంజును తరుముతూ నానా యాగీ చేస్తున్నారు. భాను తల తిప్పకుండా కళ్లతోనే ఆ కోడి వెంట పోయింది. సవరమ్మ గుడ్డు పచ్చసొనను బాలామృతం జావలో మెత్తగా చిదిమి చెంచాతో పెట్టింది. మొదటి చెంచా మింగింది. రెండోది బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోయింది. తొడ మీద చర్మాన్ని సవరమ్మ రెండు వేళ్లతో పట్టి వదిలితే, ఆ మడత వెంటనే సర్దుకోలేదు. జుట్టు చూస్తే ఎండిన మొక్కజొన్న పీచు రంగుకు తిరిగింది.

"యేసయ్యా," అనుకుంది సవరమ్మ. లేచి, చెయ్యి కడుక్కుని, తిన్నగా నవత ముందుకు పోయి నిలబడింది. ఆమెకు కోపం వస్తే ఆగదు, ముందూ వెనకా చూసుకోదు.

"టీచరమ్మా, ఒక మాట అడుగుత, తప్పనుకోకు. సోమవారం సార్లు వస్తున్నరని నువ్వు బరువులు ఎక్కువ గొడుతున్నవా?"

రిజిస్టర్ రాస్తున్న నవత పెన్ను ఆగిపోయింది. ముఖం జేవురించింది.

"ఏమన్నరు?"

"గా పిల్లను చూసినవా? ఏడు కిలోల ఏడొందలు ఉంటదా గది? ఎర్రది రావద్దని..."

"ఆయమ్మా!" నవత రిజిస్టర్ మూసేసింది. "నేను అట్లాంటి దాన్నా? కాటాల ఏది కనబడితే అదే కొట్టిన. మీరు పక్కనే ఉన్నరు కదా. పట్టండి, పిల్లను పట్టండి. ఇప్పుడే తూస్త, మీ కళ్లముందరనే."

విసురుగా లేచి కాటా తెచ్చి నేలమీద పెట్టింది. సవరమ్మ భాను గౌను విప్పి కూర్చోబెట్టింది. నడుముకు నల్లటి మొలతాడు తప్ప ఏమీ లేదు. అంకెలు కాసేపు గంతులేసి నిలబడ్డాయి.

ఏడు కిలోల రెండొందలు.

నవత వంగి చూసింది. పిల్లను ఎత్తి, దించి, మళ్లీ తూచింది. మళ్లీ ఏడు కిలోల రెండొందలే.

"కాటా చెడిపోయిందేమో," అంది, ఈసారి గొంతులో విసురు లేదు.

సవరమ్మ వంటగదిలోకి పోయి విప్పని ఉప్పు ప్యాకెట్ తెచ్చి కాటా మీద పెట్టింది. సరిగ్గా కిలో. మంచినూనె ప్యాకెట్ పెట్టి చూశారు. అదీ సరిగ్గానే చూపించింది. కాటాకు ఏ రోగమూ లేదు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్క రాత్రిలో ఏ పిల్లా అరకిలో తగ్గదు. వాంతుల్లేవు, విరేచనాల్లేవు.

"నిన్న ఉన్నదేదో ఇయ్యాల లేదు టీచరమ్మా," అంది సవరమ్మ మెల్లగా. "నిన్ను అనరాని మాట అన్న. మనసుల పెట్టుకోకు," అంది.

నవత కళ్లు తుడుచుకుని భానుకు గౌను తొడిగింది.

సాయంత్రం పిల్లను అప్పజెప్పడానికి పోయేసరికి ద్వాలి వాకిట్లో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. గాజుల చేతులు గబగబా ఆడుతున్నాయి. ఘాటుకు సవరమ్మ రెండుసార్లు తుమ్మింది. ఎప్పట్లా పిల్లను అందించి వెనుదిరగలేదు. పక్కనే చతికిలబడింది.

"ద్వాలక్కా, నిన్న తూకంల పిల్లకు ఏం గట్టినవ్?"

ద్వాలి చేతులు ఆగాయి. బుకాయిస్తుందని, అరుస్తుందని, మొక్కు మీద ఒట్లు పెడుతుందని సవరమ్మ సిద్ధపడే వచ్చింది. ఎంత మాటకు అంత మాట కూడా దారిలోనే పేర్చుకుంది. ద్వాలి అవేవీ చేయలేదు. లేచి లోపలికి పోయి, జొన్నల డబ్బాలో చెయ్యి పెట్టి, ఒక గుడ్డ మూట తెచ్చి సవరమ్మ ఒళ్లో పడేసింది. విప్పితే సీసం గుండ్లు. ద్వాలి కొడుకు, భాను తండ్రి పూల్‌సింగ్ చెరువులో విసిరే వలకు అంచున కట్టేవి. మూట చూడటానికి పిడికెడే, బరువు మాత్రం చెయ్యి కిందికి లాగుతోంది.

"మొల్తాడుకు యెనక కట్టిన. మూడు నెలల సంది కడుతున్న," అంది ద్వాలి.

సవరమ్మకు ఒళ్లు భగ్గుమంది. "నీకేమన్న మతి ఉన్నదా అక్కా? పిల్ల కరిగిపోతుంటె బరువు దొంగతనం జేస్తవా? ఎవడు నేర్పిండు నీకు గీ తెలివి?"

"నువ్వే."

"నేనా!"

"అవ్, నువ్వే. మరిచిపోయినవా? పిల్లలకు బువ్వ పెట్టుకుంట ఏమంటవ్? తినకుంటె ఎర్రరంగుల పడతవ్, ఎర్రల పడ్డ పిల్లను దవాఖానోళ్లు పట్కపోతరు, మల్ల ఇంటికి పంపరు అంటవా, అనవా? తండంత ఇనంగ అంటవ్. నా పెద్ద మనుమణ్ణి గట్లనే పట్కపోయిన్రు గద. బట్టల చుట్టి తెచ్చిన్రు. ఇంకొకదాన్ని గూడ ఇయ్యమంటవా?" ద్వాలి గొంతు పెద్దది చేయలేదు. మూట వైపు గడ్డంతో చూపించింది. "అది వలగుండ్లు గాదు సవరమ్మా. నీ మాటనే పిల్ల నడుముకు కట్టిన."

సవరమ్మ ఒళ్లోని మూటను మళ్లీ ముడేసింది. నిజమే, ముద్ద నోట్లో పెట్టుకుని మింగని ప్రతి పిల్లకూ ఆ మాట చెప్పింది. చెప్పగానే టక్కున నోళ్లు తెరుచుకునేవి. తన నోటి మహిమ అని మురిసిపోయింది కూడా. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. తన నోరు మంచిదేనని ఇన్నాళ్లూ అనుకుంటూనే ఉంది.

భాను వచ్చి నాయనమ్మ మోకాలికి ఆనుకుంది. నిలబడే ఓపిక లేక కూలబడింది.

"ద్వాలక్కా," అంది సవరమ్మ. "పెద్దోణ్ణి దవాఖానకు ఎన్నో రోజు తీసుకపోయిన్రు?"

ద్వాలి మళ్లీ కాయలు ఏరసాగింది.

"జ్వరమొచ్చిన ఆరో రోజు. నేనూ ఉన్న గద ఆరోజు. ఆరు రోజులు ఆగిన్రు. దవాఖాన పట్కపోలేదు, ఆలస్యం పట్కపోయింది. నేను చెప్పింది అబద్ధం. పిల్లలు తింటరని చెప్పిన అబద్ధం. నా తప్పే, నా మీద ఉమ్మేసినా పడత. కని ఈ పిల్లను నేను పోనియ్య. రేపు పొద్దుగాల బస్సుకు భద్రాచలం పోదాం. నేనూ వస్త."

"నేను రాను. పిల్లనూ ఇయ్య."

"నువ్వు వచ్చేదాక నేనిక్కడికెల్లి లేవ."

నిజంగానే లేవలేదు. ద్వాలి తాలుకాయలు ఏరుతుంటే తనూ చెయ్యి పెట్టి ఏరడం మొదలుపెట్టింది. ఎండ వాలింది. ఆటో దిగి వచ్చిన పుష్ప, కారం మండే చేతులు బకెట్లో ముంచుకుంటూ సంగతేమిటని అడిగింది. సవరమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తన అబద్ధంతో సహా. పుష్ప మూట వంక, అత్త వంక, పిల్ల వంక చూసింది. తడి చేతులతోనే గబుక్కున పిల్లను ఎత్తుకోబోయి, కారం గుర్తొచ్చి ఆగిపోయింది. రోజుకు పన్నెండు గంటలు చేనులో ఉండే తల్లికి ఆ పిల్లను ముట్టుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది, ఏం చెప్పాలి!

"అత్తా," అంది పుష్ప. ఏడుస్తోంది. "నేను పోత పిల్లతోని. కోత పోతె పోయింది."

"నీ చేతుల ఏం తింటది అది? నా చేతుల అయితేనే మింగుతది," అంది ద్వాలి కసురుగా. అన్నాక తను ఏమందో తనకే అర్థమైంది. చేతిలోని కాయను కుప్పలోకి విసిరింది. "సవరమ్మ వస్తెనే పోత. అది యాడికీ పోవద్దు. నా పక్కనే ఉండాలె."

"ఉంట," అంది సవరమ్మ.

బుధవారం పొద్దున నవత ముందుగా సూపర్‌వైజర్ మేడమ్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. ద్వాలి, సవరమ్మ, పిల్ల అక్కడే ఉన్నారు. విషయమంతా విని మేడమ్ అటునుంచి నిట్టూర్చింది.

"నవతా, ఈ నెల డేటా పైకి పోయింది. సోమవారం విజిట్ అయ్యేదాకా కదపకు. ఒక్క ఎర్రది కూడా లేదని నేనే చెప్పిన వాళ్లకు. వచ్చే నెల మార్చుదువులే."

సవరమ్మ ఫోను దగ్గరికి నోరు పెట్టింది.

"వచ్చే నెలదాక పిల్ల ఆగాలె గద మేడమ్! తప్పు టీచరమ్మది కాదు. నాది. నేను చెప్పిన అబద్ధానికి వీళ్లు భయపడ్డరు. ఆఫీసర్లకు గట్లనే చెప్పుండ్రి, నా పేరు రాసుకోండ్రి. నౌకరీ తీసేస్తె తీసేయుండ్రి."

నవత ఫోన్ కట్ చేసింది. కట్ చేసినందుకు ఆమెకే ఆశ్చర్యమైంది. పిల్లను మళ్లీ ఒకసారి తూచి, బరువు మార్చి కొట్టింది. తెరంతా ఎర్రబడింది. ఎనిమిది నెలల చప్పట్లు ఒక్క క్షణంలో పోయాయి. నవత ఆ ఎరుపును కాసేపు చూసి, దవాఖాన చీటీ రాయడానికి కూర్చుంది.

"ఆయమ్మా, శనివారం దాకా మీకు సెలవు రాస్తున్న. వంట నేను చేసుకుంట," అంది.

"పప్పుల ఉప్పు ముందే వెయ్యకు, ఉడకదు," అంది సవరమ్మ.

పాల్వంచ మీదుగా పోయే బస్సులో ద్వాలి కిటికీ పక్కన కూర్చుని, పిల్లను రెండు చేతులా అదిమి పట్టుకుంది. గోదావరి వంతెన మీద అందరూ దండాలు పెట్టుకుంటుంటే ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. దవాఖానలో పిల్లల వార్డుకు పోయాక నర్సు అన్నీ విప్పి తూయాలంది. మొలతాడు ఉంటే పరవాలేదని కూడా అంది. ద్వాలి ఒక నిమిషం ఆలోచించి, తనే ఆ నల్లతాడు ముడి విప్పింది. తూకం అయ్యేదాకా దాన్ని పిడికిట్లో పట్టుకుని, పిల్లను దించగానే మళ్లీ కట్టింది.

అక్కడి పని నెమ్మదిగా జరుగుతుంది. రెండు గంటలకోసారి కొలిచిన పాలు గిన్నెలో పోసి ఇస్తారు. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. తొందరపడితే కక్కేస్తుంది. బుధవారం కక్కింది. గురువారం సగం తాగి ముఖం తిప్పుకుంది. ద్వాలి ప్రతి గిన్నెకూ ఇంటికి పోదామనేది. సవరమ్మ ప్రతి గిన్నెకూ ఇంకొక్క చెంచా అనేది. బెదిరించడానికి అలవాటుపడ్డ నాలుక ఎన్నిసార్లు పైకి లేచిందో! "తాగకుంటె సూది..." దాకా వచ్చి మింగేసింది. ఆ జాగాలో ఏం చెప్పాలో తెలియక కోడిపుంజు కథ అల్లింది. శుక్రవారం సాయంత్రం భాను గిన్నె ఖాళీ చేసి, దాని అంచు పట్టుకుని వదల్లేదు.

శనివారం పొద్దున నర్సు తూచి నవ్వింది. "ఏడు కిలోల రెండొందల అరవై. మెల్లగా పెరుగుతుందమ్మా."

ద్వాలి ముఖంలో ఏ కదలికా లేదు. సవరమ్మ ఇంటికి పోవాల్సిన బస్సుకు ఇంకా గంట ఉంది. ద్వాలి పిల్లను ఎత్తుకుని ఆమెను వరండాలోకి పిలిచింది.

"గా కాటాను నేనే మోసం జేసిన. దాని మాట నేనెట్ల నమ్మాలె?" అంది. పిల్లను చాచింది. "నువ్వు ఎత్తి చెప్పు. పెరిగిందా? పెరిగిందంటె ఉంట. లేకుంటె నీతోనే బస్సెక్కుత."

సవరమ్మ భానును కుడి చంకన వేసుకుంది. వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, మళ్లీ తిరిగొచ్చింది. నడుముకు ఏమీ తెలియలేదు. అరవై గ్రాములు ఏ నడుముకు తెలుస్తాయి? పెరిగిందని ఒక్క మాట అంటే సరిపోతుంది, పది రోజులు ద్వాలి ఇక్కడే ఉంటుంది, పిల్ల దక్కుతుంది. అబద్ధమే అయినా మంచికే కదా. ముందరి అబద్ధం కూడా మంచికే చెప్పింది.

"అక్కా," అంది సవరమ్మ. "నా చేతికి ఇంక తెలుస్తలేదు. గంతే ఉన్నట్టున్నది. కాటా పెరిగిందంటున్నది. నాకైతే తెల్వదు."

ద్వాలి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. వార్డులో ఎవరి పిల్లో ఏడుస్తోంది. సవరమ్మ చంకలోని భాను, ఆమె మెడలోని జపమాల సిలువను పట్టుకుని నోట్లో పెట్టుకుంది.

"పెరిగిందంటవ్ అనుకున్న," అంది ద్వాలి. "అంటె మల్ల అబద్ధమేనని బస్సెక్కుదామనుకున్న."

పిల్లను తీసుకుంది. ఒక చేత్తో నడుం దగ్గర వెతికి, రొంటిన దోపుకున్న గుడ్డ మూట బయటకు లాగింది. నాలుగు రోజులుగా ఆమె దాన్ని దవాఖానలో వెంట పెట్టుకునే తిరిగిందని సవరమ్మకు అప్పుడు తెలిసింది.

"గివి పూల్‌సింగ్‌కియ్యి. వలకు కట్టుకొమ్మను," అని ద్వాలి మూటను సవరమ్మ చేతిలో పెట్టింది. "పో ఇగ, బస్సు పోతది. దానికి పాలేళ అయింది."

సాయంత్రం సవరమ్మ బస్సు దిగి, మూట పెట్టిన సంచీ భుజాన వేసుకుని, తండాలో పూల్‌సింగ్ ఇంటికి నడిచింది. వాగు మధ్యకు వచ్చేసరికి ఆగి, సంచీని కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చుకుంది.